ఒక్క ‘టేక్’ కోసం రెండు వందల ఏళ్ళు

జపాన్‌లో మందు ‘తాగుతారు’, అది మాత్ర అయినా సరే. స్నానంలోకి ‘ప్రవేశిస్తారు’. బస్సు ‘ఎక్కుతారు’. పరీక్షను ‘అందుకుంటారు’. స్టేషన్‌కు నడిచి వెళ్ళడానికి పావుగంట ‘పడుతుంది’. నొము, హైరు, నొరు, ఉకెరు, కకరు. అయిదు పనులు, అయిదు క్రియలు. ఇంగ్లీషులో ఈ అయిదు చోట్లా ‘టేక్’ అనే ఒక్క క్రియతో పని జరిగిపోతుంది. జపాన్ పిల్లలకు టేక్ అంటే మొదట చెప్పే మాట ‘తొరు’, అంటే చేత్తో తీసుకోవడం. పై అయిదు సందర్భాల్లో ఏ ఒక్కదానిలోనూ జపనీస్‌లో తొరు రాదు. అందుకే ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చదివినవాళ్ళు కూడా డాక్టరు ముందు కూర్చుని ‘మెడిసిన్ డ్రింక్ చేశాను’ అనేస్తుంటారు.

తప్పు చిన్నదే. దాని వెనకున్న ప్రశ్న చిన్నది కాదు. ఒక భాషలో పొద్దున లేచింది మొదలు అందరి నోటా నలిగే మాటలే బయటివాళ్ళకు అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడతాయి. ‘ఫోటోసింథసిస్’ అనే మాటకు జపనీస్‌లో సరితూగే మాట ఒకటి ఉంది. ఒకసారి నేర్చుకుంటే చాలు. ‘టేక్’కు అలాంటిది లేదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ కోసం ‘రన్’ అనే క్రియను కొత్తగా సవరించిన పీటర్ గిల్లివర్‌కు ఆ ఒక్క మాటతో దాదాపు తొమ్మిది నెలలు గడిచాయి. చివరికి తేలిన అర్థాలు 645. అదే నిఘంటువు 1989 నాటి ముద్రణలో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ‘సెట్’. టేక్ వీటి కోవలోదే. పైగా అది ఇంగ్లీషుకు పుట్టుమాట కూడా కాదు. ఉత్తరాది నుంచి వచ్చిన స్కాండినేవియన్ల భాషలోని ‘తక’ ఇంగ్లండ్‌లో స్థిరపడి, అంతకు ముందున్న ‘నిమన్’ను మెల్లగా వాడుకలోంచి తొలగించింది. ఆ పాత మాటకు చుట్టమైన ‘నేమెన్’ జర్మన్‌లో నేటికీ నిక్షేపంగా ఉంది. తాకడం, పట్టుకోవడం అనే మొదటి అర్థం నుంచి ఇన్ని వందల వాడుకలకు ఆ మాట ఎలా విస్తరించిందో చెప్పడం చరిత్రకారుల పని. ఆ విస్తరణ అంతా జరిగిపోయిన తర్వాత, వేరే భాష మాట్లాడే పిల్లవాడి చేతికి దాన్ని ఎలా అందించాలన్నది ఉపాధ్యాయుల పని. జపాన్ ఈ రెండో పనిమీద పెట్టినంత శ్రమ పెట్టిన దేశాలు తక్కువ.

ఆ శ్రమను మొత్తంగా చూస్తే నాకు కనిపించేది ఇది. టేక్ విషయంలో నేర్చుకునేవాడికి రెండు వేరువేరు అవసరాలుంటాయి. చదువుతున్నప్పుడు టేక్ కళ్ళముందు కనిపిస్తుంది, దాని అర్థం తెలియాలి. మాట్లాడుతున్నప్పుడు అర్థం మనసులో ఉంటుంది, టేక్ అనే మాట తట్టాలి. మొదటిదానిలో దారి క్రియ నుంచి మొదలవుతుంది. రెండోదానిలో ‘మందు’, ‘స్నానం’, ‘పరీక్ష’ వంటి నామవాచకం నుంచి మొదలవుతుంది. వచ్చిన పద్ధతుల్లో చాలా భాగం మొదటి అవసరాన్ని తీర్చి, రెండోదీ తీరిపోయిందనుకున్నవే.

జపాన్‌కు ఇంగ్లీషు భయం రూపంలో వచ్చింది. 1808లో ఫేటన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక డచ్చి జెండా ఎగరేసుకుని నాగసాకి రేవులోకి చొరబడింది. ఐరోపా భాషల్లో డచ్చి ఒక్కటే తెలిసిన షోగున్ ప్రభుత్వం ఉలిక్కిపడి, నాగసాకిలోని డచ్చి దుబాసీలను ఇంగ్లీషు నేర్చుకోమని ఆజ్ఞాపించింది. వాళ్ళు 1814లో దాదాపు 6,000 మాటలతో తొలి ఇంగ్లీషు-జపనీస్ పదకోశం ‘అంగెరియ గొరిన్ తైసెయ్’ తయారుచేశారు. 1862లో హొరి తత్సునొసుకె సంపాదకత్వంలో అంతకు ఎన్నో రెట్లు పెద్దదైన నిఘంటువు వెలువడింది. మధ్యలో 1859లో పండితుడు ఫుకుజావా యుకిచి యొకొహామా వెళ్ళి, తాను కష్టపడి నేర్చిన డచ్చితో అక్కడి దుకాణాల బోర్డులు కూడా చదవలేనని గ్రహించి ఇంగ్లీషు వైపు మళ్ళాడు. ఈ కాలమంతా ఒక ఇంగ్లీషు మాటకు ఎదురుగా ఒకటో రెండో జపనీస్ మాటలు రాసుకోవడమే పద్ధతి. ఓడలు, ఫిరంగులు, ఒప్పందాలు ఉన్న కాలంలో అది సరిపోయింది. టేక్‌కు ఎదురుగా తొరు అని రాసుకునే అలవాటు ఆ తరంలోనే నాటుకుంది, నేటికీ వదల్లేదు.

ఆ అలవాటు చాలదని ముందుగా పసిగట్టినవాళ్ళలో స్కాట్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ మెయిన్ డిక్సన్ ఒకడు. టోక్యోలోని ఇంజనీరింగ్ కళాశాలలోనూ తర్వాత ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పాడు. నవలాకారుడు నత్సుమె సోసెకి అతని శిష్యుడే. 1880ల చివర డిక్సన్ ప్రత్యేకంగా జపాన్ విద్యార్థుల కోసమే ఇంగ్లీషు జాతీయాల నిఘంటువు కూర్చాడు. తర్వాత అది బ్రిటన్‌లోనూ అచ్చయింది. ఒక దేశపు పిల్లలను దృష్టిలో పెట్టుకుని పరభాషా నుడికారాన్ని విడిగా సేకరించడం ఆనాటికి కొత్త ఆలోచన.

ఆ ఆలోచనను పూర్తిగా తన సొంతం చేసుకున్నవాడు డిక్సన్ దగ్గర చదివిన సైతో హిదెసబురో. 1866లో పుట్టి 1929లో పోయిన ఈ మనిషి ఒక్కసారి కూడా విదేశానికి వెళ్ళలేదు. పుస్తకాలు చదివే ఇంగ్లీషు లోతుపాతులు పట్టాడు. 1896లో సొంత ఇంగ్లీషు పాఠశాల పెట్టాడు. భాషంటే వ్యాకరణ సూత్రాలూ పదాల జాబితా మాత్రమే కాదని, మాటలు ఒకదానితో ఒకటి ఎలా పొత్తు కుదుర్చుకుంటాయన్నదే దాని ప్రాణమని సైతో నమ్మాడు. ఆ చదువుకు ‘ఇడియమాలజీ’ అని పేరు కూడా పెట్టుకున్నాడు. 1915లో వచ్చిన అతని ‘జుకుగొ హొన్‌ఇ’ నిఘంటువు పేరుకు తగ్గట్టే జాతీయాల ఆధారంగా కట్టింది. అందులో కఠిన పదాలకు కొద్ది చోటు, గెట్, గో, మేక్, టేక్ వంటివాటికీ విభక్తుల్లా పనిచేసే చిన్న మాటలకూ విశాలమైన చోటు. నూరేళ్ళ తర్వాత 2016లో ఇవనామి సంస్థ దాన్ని సవరించి మళ్ళీ అచ్చువేసింది. పాతబడిన ఇంగ్లీషు అక్కడక్కడా ఉన్నా, చిన్న మాటే పెద్ద మాట అన్న సైతో చూపు పాతబడలేదు. అతనికి దక్కాల్సినంత పేరు జపాన్ బయట దక్కలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1922లో హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీషువాడు జపాన్ విద్యాశాఖకు సలహాదారుగా వచ్చాడు. మరుసటి ఏడాది ఇంగ్లీషు బోధన పరిశోధనకు ఒక సంస్థ స్థాపించాడు. 1924లో క్యుషు దీవిలోని ఓయితా కళాశాలలో పాఠాలు చెప్పడానికి ఎ.ఎస్. హార్న్‌బీ వచ్చి, కొన్నేళ్ళకు పామర్ బృందంలో చేరాడు. వీళ్ళిద్దరి శ్రమతో 1933లో ఇంగ్లీషు కొలొకేషన్ల మీద ఒక నివేదిక వెలువడింది. కొలొకేషన్ అంటే ఏ మాట పక్కన ఏ మాట నిలుస్తుందన్న సంగతి. అలాంటి పదాల గుంపును విడదీసి అర్థం చేసుకోవడం కంటే ఒకే మాటగా నేర్చుకోవడం మేలని పామర్ వాదించాడు. ‘టేక్ ఎ బాత్’ను మూడు మాటలుగా చూసినవాడు స్నానాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక తికమకపడతాడు. ఒకే మాటగా పట్టుకున్నవాడికి ఆ బెడద ఉండదు.

హార్న్‌బీ కథ తెలుగు పాఠకులకు దగ్గరది. గేటన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే ఇద్దరు సహచరులతో కలిసి అతను జపాన్ విద్యార్థుల కోసం ఒక నిఘంటువు రాశాడు. ప్రతి క్రియ ఎలాంటి వాక్యంలో కుదురుతుందో చూపడానికి ఇంగ్లీషు క్రియల నడకను 25 నమూనాలుగా విడదీశాడు. ఇంతలో యుద్ధం ముంచుకొచ్చింది. పెర్ల్ హార్బర్ మీద దాడి తర్వాత శత్రుదేశపు పౌరుడిగా హార్న్‌బీ నిర్బంధంలో పడ్డాడు. 1942లో అతని పుస్తకాన్ని టోక్యోలోని కైతకుష ప్రచురించింది. ఒకపక్క బ్రిటన్‌తో యుద్ధం జరుగుతుంటే, మరోపక్క ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకు అంత మంచి నిఘంటువు జపాన్‌లోనే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తన పేరుతో వెలువరించింది. మన కళాశాల లైబ్రరీల్లో అట్టలు ఊడిపోయేదాకా నలిగిన ‘ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’ అదే. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైన నాటికి మన బడుల్లో వ్యాపిస్తున్న వాక్య నమూనాల బోధన కూడా పామర్, హార్న్‌బీలు వేసిన బాటలోదే. జపాన్ పిల్లల తప్పుల్లోంచి పుట్టిన పాఠం మన పిల్లల దాకా వచ్చిందన్నమాట.

అయినా, మాట్లాడేవాడి అవసరాన్ని సూటిగా తీర్చింది మరొకరు. కత్సుమత సెన్‌కిచిరో 1939లో కెన్‌క్యుష సంస్థ ద్వారా వెలువరించిన కొలొకేషన్ నిఘంటువులో ‘మెడిసిన్’ అన్న మాట తీస్తే, దాని ముందు రాగల క్రియలు ఒకచోట, దానికి తగిన విశేషణాలు మరోచోట ఉంటాయి. నామవాచకం పట్టుకుని లోపలికి వెళ్తే క్రియ దొరుకుతుంది. మందు గురించి చెప్పాలనుకున్నవాడికి మందు అన్న మాట ఎలాగూ తెలుసు, వెతుక్కునేది క్రియనే. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఇలాంటి కొలొకేషన్ నిఘంటువు తెచ్చింది 2002లో. అప్పటికి కత్సుమత పుస్తకం 1995 ముద్రణలో 3,80,000 ఉదాహరణలకు పెరిగింది. టేక్ సమస్యకు జపాన్ కనుగొన్న పరిష్కారాల్లో నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది ఇదే. విచారమేమిటంటే అది అనువాదకుల బల్లల మీద, వ్యాపార ఉత్తరాలు రాసేవాళ్ళ దగ్గర ఉండిపోయింది. పన్నెండేళ్ళ పిల్లల పాఠ్యపుస్తకంలోకి ఆ పద్ధతి రాలేదు.

బడి పిల్లల చేతికి వచ్చినవి పరీక్షల పదపుస్తకాలు. 1935లో అకావొ యొషియొ తెచ్చిన జేబు పుస్తకం ‘మమెతన్’ అక్షరక్రమంలో నడిచేది. 1967లో మొరి ఇచిరొ రాసిన ‘షికెన్ ని దెరు ఎయ్‌తంగొ’ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షల్లో వచ్చే మాటలను ఏరి కూర్చింది. అందులో మొట్టమొదటి మాట ‘ఇంటలెక్ట్’. టేక్, గెట్, మేక్ లాంటివి చిన్న తరగతుల్లోనే అయిపోయాయని ఆ తరహా పుస్తకాల లెక్క. అవి తిరిగి కనిపించేది జుకుగొ, అంటే జాతీయాల, జాబితాల్లో. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం, ‘టేక్ పార్ట్ ఇన్’ అంటే పాల్గొనడం, ‘టేక్ ఆఫ్టర్’ అంటే పోలికలు రావడం, ‘టేక్ ఫర్ గ్రాంటెడ్’ అంటే సహజమేనని ఊరుకోవడం. ప్రతిదానికీ ఎదురుగా ఒక జపనీస్ మాట. లక్షలమంది పిల్లలు రైళ్ళలో నిలబడి, ఎర్రని ప్లాస్టిక్ అట్ట కింద ఎర్రక్షరాలు దాచుకుంటూ వాటిని వల్లె వేశారు. ఆ శ్రమను నేను తక్కువ చేయను. పుస్తకం చదవగల తరాన్ని అది తయారుచేసింది. కానీ జాబితాలోని మాటల మధ్య సంబంధమేమిటో అది చెప్పలేదు. టేక్ అక్కడ ముక్కలు ముక్కలైంది.

ఆ ముక్కలను మళ్ళీ కలపాలన్న ప్రయత్నం రెండు దిక్కుల నుంచి వచ్చింది. 1930లో సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీష్’ రూపొందించి, అందులో క్రియలను 18కి కుదించాడు. టేక్ వాటిలో ఒకటి. అతని సహచరుడు ఐ.ఎ. రిచర్డ్స్, క్రిస్టీన్ గిబ్సన్‌తో కలిసి 1945లో తెచ్చిన ‘ఇంగ్లీష్ త్రూ పిక్చర్స్’లో బల్లమీది టోపీని తీసే చేతి బొమ్మతో టేక్ మొదలవుతుంది. అనువాదం లేదు, చెయ్యి, వస్తువు, కదలిక. ఈ పద్ధతిని పాటించే ఉపాధ్యాయులు జపాన్‌లో యుద్ధానంతరం తయారయ్యారు.

రెండోది శబ్దార్థశాస్త్రం వైపు నుంచి వచ్చింది. 1980లలో అమెరికాలో క్లాడియా బ్రుగ్‌మన్, జార్జ్ లేకాఫ్ ‘ఓవర్’ అనే చిన్న మాట అర్థాలన్నీ ఒక నడిమి చిత్రం చుట్టూ అల్లుకుని ఉంటాయని చూపించారు. జపాన్‌లో తనక షిగెనొరి ఈ దారిలో పనిచేసి, ప్రతి మూల క్రియకూ ఒక ‘కోర్’, అంటే నడిమి భావం, ఉంటుందని ప్రతిపాదించాడు. అతను సంపాదకుల్లో ఒకడైన ‘ఈ-గేట్’ నిఘంటువు 2003లో బెనెస్సె నుంచి వచ్చింది. దాని ప్రకారం టేక్ అంటే దేన్నైనా తన పరిధిలోకి తెచ్చుకోవడం. మందు ఒంట్లోకి తీసుకుంటాం, సలహా మనసులోకి తీసుకుంటాం, ప్రయాణం గంటసేపటిని తనలోకి తీసుకుంటుంది. చదువుతున్నప్పుడు ఈ చూపు నిజంగా వెలుగు చూపిస్తుంది. ఎప్పుడూ చూడని వాడుక ఎదురైనా అర్థం ఊహించగల ధైర్యం వస్తుంది. అయితే నడిమి భావం తెలిసినంత మాత్రాన ఎక్కడ టేక్ రావాలో తెలియదు. నిర్ణయానికి ఇంగ్లీషులో టేక్ కంటే ‘మేక్’ ఎక్కువగా ఎందుకు వస్తుంది? స్నానానికి అమెరికాలో టేక్, బ్రిటన్‌లో చాలామంది నోట ‘హ్యావ్’ ఎందుకు? ఏ నడిమి భావమూ వీటికి జవాబు చెప్పలేదు. అవి వాడుక నిర్ణయించినవి, విని పట్టుకోవాల్సినవే.

ఇక్కడే జపనీస్ ‘తొరు’ను దగ్గరగా చూడాలి. అది టేక్ కంటే ఏమీ తక్కువ తినలేదు. జపాన్‌లో ఫోటోను ‘తీస్తారు’, నోట్సు ‘తీసుకుంటారు’, సెలవు ‘తీసుకుంటారు’. ఇంతవరకు ఇంగ్లీషుతో పొత్తు కుదిరింది. కానీ ముసలివాళ్ళవడం అంటే ‘ఏళ్ళను తీసుకోవడం’, పత్రికకు చందా కట్టడం అంటే పత్రికను ‘తీసుకోవడం’, ఇంటికి భోజనం తెప్పించుకోవడం కూడా తొరునే. సుమో పట్టడానికీ తొరు. మన గుంజీళ్ళు ‘తీయడం’ ఎలాంటిదో అదీ అలాంటిదే. రాతలో అది ఇంకా చీలుతుంది. ఫోటో తీసే తొరుకు ఒక కంజి (చైనా లిపి అక్షరం), చేపలు పట్టే తొరుకు మరొకటి, ఉద్యోగంలోకి ఎంచుకునే తొరుకు ఇంకొకటి, దొంగిలించే తొరుకు వేరొకటి. చెవిలో ఒకటే, కంటికి ఆరేడు. ‘బాధ్యత తీసుకోవడం’ రెండు భాషల్లోనూ ఉన్నా, జపాన్ మంత్రి బాధ్యత తీసుకున్నాడంటే చాలాసార్లు రాజీనామా చేశాడని అర్థం. పైకి సరిపోయినట్టు కనిపించేచోటే పొరపాటు ఎక్కువకాలం బయటపడకుండా ఉంటుంది.

పరిశోధకులు ఈ పొత్తుల సంగతి కొలిచి చూశారు. 1970ల చివర ఎరిక్ కెల్లర్‌మన్ డచ్చి విద్యార్థులను ‘బ్రేక్’కు సరిపోయే తమ క్రియ గురించి అడిగాడు. కాలు విరగడం, కప్పు పగలడం లాంటివి ఇంగ్లీషులోకి ధైర్యంగా తీసుకెళ్ళగలమన్నారు. దూరపు అర్థాల దగ్గరికి వచ్చేసరికి, అవి నిజానికి ఇంగ్లీషులో ఉన్నా, వెనకాడారు. అంటే నేర్చుకునేవాళ్ళు తమ భాషను గుడ్డిగా అనువదించరు; ఏది దాటుతుందో ఏది దాటదో లోలోపల లెక్క వేసుకుంటారు. 2010లో యమషిత, జియాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు జపనీస్ మాతృభాషగా ఉన్నవాళ్ళమీద పరిశీలన చేశారు. జపనీస్‌తో పొత్తు కుదరని కొలొకేషన్ల దగ్గర జపాన్‌లో ఉండి నేర్చుకునేవాళ్ళు తప్పులు ఎక్కువ చేశారు, ఆలస్యంగానూ స్పందించారు. ఇంగ్లీషు వాతావరణంలో బతికేవాళ్ళకు వేగం వచ్చింది. తప్పులు మాత్రం పూర్తిగా పోలేదు. వాడుకలో మునిగినా కొన్ని మూలలు అరగవన్నమాట. ఇమయి ముత్సుమి 2020లో ఇవనామి చిన్న పుస్తకంగా రాసిన ఇంగ్లీషు స్వయంబోధినిలో చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది. మాతృభాష లోపల వేసిన అచ్చును మనకు తెలియకుండానే పరభాష మీద పెడతాం, దాన్ని గుర్తుపట్టనంతకాలం ఎంత విన్నా తేడా వినిపించదు అంటుందామె.

నా మనసుకు బాగా పట్టిన పని తోనొ యుకియొ బృందానిది. బడి పిల్లలు రాసిన ఇంగ్లీషు వ్యాసాలు దాదాపు 10,000 సేకరించి ‘జెఫ్ల్’ అనే కార్పస్, అంటే భాషా నమూనాల భాండారం, తయారుచేశారు. ఇంగ్లీషు మాట తట్టకపోతే అక్కడ జపనీస్ మాట రాసేయవచ్చని పిల్లలకు ముందే చెప్పారు. భూకంపం వస్తే ఏం పట్టుకెళ్తావు, పొద్దున ఏం తిన్నావు లాంటి మామూలు విషయాలు. దాంతో పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో ఆ చోటే కాగితం మీద జపనీస్ అక్షరాల్లో నిలిచిపోయింది. తప్పులను మాత్రమే లెక్కపెట్టే పరీక్షలు ఈ ఆగిపోవడాన్ని ఎన్నడూ చూడలేవు. ఇదే తోనొ 2003లో ఎన్‌హెచ్‌కే టీవీలో 100 మాటలతో ఇంగ్లీషు సంభాషణ కార్యక్రమం నడిపాడు. 10 కోట్ల మాటల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో ఏ మాట ఎన్నిసార్లు, దేని పక్కన వచ్చిందో చూసి, చిన్న మాటలను వాటి సహచరులతో సహా ఇళ్ళలోకి పంపించాడు. సైతో ఒంటరిగా కళ్ళతో చేసిన పనిని యంత్రం సాయంతో తిరిగి చేయడమే ఇది.

అసలైన జాతీయాల దగ్గర పరిస్థితి వేరు, కొంత తేలిక కూడా. ఎందుకంటే అక్కడ అనువాదం కుదరదని పిల్లవాడికి ముందే తెలుసు. ఒకరి తరఫున నిలబడటాన్ని ఇంగ్లీషువాడు ‘టేక్ సైడ్స్’ అంటాడు, జపాన్‌వాడు ‘భుజం పట్టుకోవడం’ అంటాడు, మనం కొమ్ము కాయడం అంటాం. చెప్పిన మాటను మనసుకు పట్టించుకోవడం ఇంగ్లీషులో గుండెకు తీసుకోవడం, జపాన్‌లో కాలేయం మీద చెక్కుకోవడం. నమ్మశక్యం కాని కబురును ఇంగ్లీషువాడు ఉప్పు రవ్వతో తీసుకుంటాడు. జపాన్‌వాడు కనుబొమలకు ఉమ్మి రాసుకుంటాడు, నక్క మాయ చేయకుండా. ఈ తేడాలు ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోరు. పిల్లలను నిజంగా ఇబ్బంది పెట్టేవి ఇంత వింతైనవి కావు. ‘సీటు తీసుకోండి’, ‘టెంపరేచర్ తీసుకుంటాను’, ‘రెండో సందు తీసుకో’ లాంటి రంగూ రుచీ లేని వాడుకలు. జాతీయాల పుస్తకాల్లో వాటికి చోటుండదు, నిఘంటువులో అవి పదిహేనో అర్థం కింద దాక్కుంటాయి.

జపనీస్‌లోకే వచ్చి చేరిన టేక్ ఇంకో చిక్కు. ‘తెయ్‌కు-అవుతొ’ అంటే కట్టించుకుని తీసుకెళ్ళే భోజనం. 2019 అక్టోబర్‌లో వినియోగపన్ను 10 శాతమైనప్పుడు కట్టించుకెళ్ళే తిండికి 8 శాతమే ఉంచారు. దాంతో ఆ మాట దేశంలో ప్రతి కౌంటర్ దగ్గరా అడిగే ప్రశ్న అయింది. దుకాణాల్లో ఉచిత కరపత్రాల పక్కన ‘టేక్ ఫ్రీ’ అని ఇంగ్లీషులో రాసి పెడతారు. అది జపాన్‌లోనే తయారైన ఇంగ్లీషు. ‘గివ్ అండ్ టేక్’ ఇంగ్లీషులో పట్టువిడుపులను సూచిస్తే, జపాన్‌లో నువ్విస్తే నేనిస్తాను అన్న సమాన లెక్కగా స్థిరపడింది. వీటిని తప్పులని తీసిపారేయడం నాకు నచ్చదు. అవి జపనీస్ మాటలు. ఇంగ్లీషు గంటలో వాటిని పక్కన పెట్టి చూపించి, రెండూ ఎక్కడ విడిపోయాయో చెబితే చాలు.

ఇప్పటి బడి సంగతి. 2020 నుంచి అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు పూర్తి సబ్జెక్టయింది. ప్రాథమిక బడిలో 600 నుంచి 700, మాధ్యమిక బడిలో 1,600 నుంచి 1,800, ఉన్నత బడిలో 1,800 నుంచి 2,500 మాటలు నేర్పాలని ప్రభుత్వ పాఠ్యప్రణాళిక. అంతకు ముందు మాధ్యమిక బడికి దాదాపు 1,200 మాటలే. సంఖ్య పెరిగింది, కానీ ఒక మాటను ఎంత లోతుగా నేర్పాలో సంఖ్య చెప్పదు. ‘టేక్’ నేర్పినా ఒకటే, ‘టమాటో’ నేర్పినా ఒకటే. కొత్త మాటల వరదలో పాత మాటలు పలచబడితే పిల్లలకు నష్టమే జరుగుతుంది, లాభం కాదు. మంచి మార్పూ ఒకటుంది. 2021లో మొదలైన కొత్త ఉమ్మడి ప్రవేశపరీక్షలో, ఖాళీలో ఏ జుకుగొ పెట్టాలో అడిగే విడి వ్యాకరణ ప్రశ్నలు తీసేశారు. చదవడం, వినడం సమానంగా చెరి 100 మార్కులు. జాబితా వల్లె వేయాల్సిన ఒత్తిడి కొంత తగ్గింది. మాట్లాడటం, రాయడం మాత్రం ఇంకా ఆ పరీక్ష గడపకు బయటే ఉన్నాయి.

ఫోన్లోని అనువాద యంత్రం ఇవాళ ‘కుసురి ఒ నొందా’ (మందు తాగాను) అని కొడితే టేక్‌తోనే ఇంగ్లీషు వాక్యం ఇస్తుంది. కత్సుమత చూపిన దారే అది, క్షణంలో. అయితే వాక్యం సిద్ధంగా వచ్చేసరికి తాగడం తీసుకోవడంగా మారిన చోటును పిల్లవాడు చూడడు. ఎలక్ట్రానిక్ నిఘంటువుల్లో రెండు మాటలు కలిపి కొడితే అవి కలిసి వచ్చే ఉదాహరణలు వరసగా కనిపించే సౌకర్యం ఉంది. ఉపాధ్యాయులు దాన్ని తరగతిలో వాడటం ఎంతో మేలు. అక్కడ వెతికేది పిల్లవాడు, చూసేది కూడా వాడే.

నేను పాఠ్యపుస్తకాల్లో చూడాలనుకునేది మరొకటుంది. జపనీస్‌లో జంటక్రియలున్నాయి. తొరి-దసు అంటే తీసి బయటపెట్టడం, ‘టేక్ అవుట్’. తొరి-మొదొసు అంటే తిరిగి తీసుకోవడం, ‘టేక్ బ్యాక్’. తొరి-ఇరెరు అంటే లోపలికి తీసుకోవడం, ‘టేక్ ఇన్’; ఆరేసిన బట్టలైనా, కొత్త ఆలోచనైనా. తొరి-అగెరు అంటే పైకి తీయడం, చర్చకు తీసుకోవడం. ‘టేక్ అప్’ కూడా ఆ రెండు పనులూ చేస్తుంది. కికి-తొరు అంటే విని గ్రహించడం. ‘టేక్ ఇన్’కు ఆ అర్థమూ ఉంది. బస్సు ఎక్కడానికి రాని తొరు, బస్సును దారిమళ్ళించే ‘నొత్తొరు’లో నొరుతో కలిసి వచ్చేసింది, కంపెనీని చేజిక్కించుకోవడానికీ అదే మాట, ఇంగ్లీషులో ‘టేక్ ఓవర్’. ఇజ్రాయెల్‌లో హీబ్రూ మాట్లాడే విద్యార్థులు ఇలాంటి ఇంగ్లీషు జంటక్రియలను తప్పించుకు తిరుగుతారని డాగట్, లౌఫర్ 1985లో చూపారు, హీబ్రూలో ఆ నిర్మాణం లేకపోవడం వల్ల. జపాన్ పిల్లల చేతిలో దానికి దగ్గరి నిర్మాణం పుట్టుకతో ఉంది. క్రమం తిరగేస్తే చాలు. ఆ పాఠం ఇలా మొదలవ్వాలి. ఎడమ పక్క తొరి-దసు, తొరి-మొదొసు, తొరి-ఇరెరు. కుడి పక్క వాటి ఇంగ్లీషు జోడీలు. అవి కుదిరాక ‘టేక్ ఆఫ్’. బూట్లకు ‘నుగు’, కళ్ళజోడుకు ‘హజుసు’, విమానానికి ‘రిరికు’. మనకు చెప్పులు విప్పడం, కళ్ళజోడు తీయడం వేరైనట్టే. అప్పుడు మందు, స్నానం, పరీక్ష, బస్సు, గంట. ఒక్కో నామవాచకం పక్కన ఒక్కో జపనీస్ క్రియ, అన్నిటికీ కుడివైపు ఒకే టేక్.